బలం ఎక్కడికి పోయినట్టు?

"ఒళ్ళంతా ఒకటే నొప్పులమ్మా!" అన్న మాట వినపడని ఇల్లు మన దేశంలో వుండదు. ఆ మాట తాతగారు అంటే వయసు మీరింది గదా అనుకుంటాము. నాట్లు వేసి వచ్చిన మనిషి అంటే పగలంతా వంగి పని చేసింది గదా అనుకుంటాము. జ్వరం తగ్గి లేచినవారు అంటే పది రోజులు పోతే అదే సర్దుకుంటుందిలే అంటాము. కాని ముప్ఫయి అయిదేళ్ళ ఇల్లాలు, చూడటానికి ఏ లోపమూ లేని మనిషి, నెలల తరబడి అదే మాట అంటూ వుంటే మాత్రం ఏమనుకోవాలో ఇంట్లో ఎవరికీ తోచదు.

ఆవిడ పొద్దున లేస్తూనే రాత్రంతా మూటలు మోసినట్టు లేస్తుంది. పచ్చడి సీసా మూత తిప్పబోతే చెయ్యి పట్టు తప్పుతుంది. కూరలు తరగడానికి నేల మీద కూర్చుంటే లేవడానికి గోడ సాయం కావాలి. మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి, చీరె కుచ్చెళ్ళు సర్దుకుంటున్నట్టు నటిస్తుంది. డాక్టరుగారు రక్తపరీక్ష చేయిస్తారు, ఎక్స్‌రే తీయిస్తారు. అన్నీ సరిగానే వుంటాయి. "మీకేమీ లేదమ్మా, కాస్త విశ్రాంతి తీసుకోండి" అని పంపుతారు. ఇంటికి వచ్చేసరికి "ఏమీ లేదట" అన్న మాట ఆవిడకంటె ముందే చేరివుంటుంది. అత్తగారు ఆడపడుచు వైపు చూస్తుంది. ఆడపడుచు గోడ వైపు చూస్తుంది. ఎవరూ ఏమీ అనరు. అనకపోవడమే పెద్ద మాట.

ఇటువంటి వారిలో కొందరికి వున్న జబ్బు పేరు ఫైబ్రోమయాల్జియా. పేరు నోరు తిరగనిదే గాని జబ్బు అరుదైనది కాదు. నూటికి ఇద్దరు మొదలు నలుగురి వరకు దీనితో బాధపడుతున్నారని నిపుణుల అంచనా. వారిలో ఆడవారే ఎక్కువ, అలాగని మగవారికి రాదని కాదు. ఈ జబ్బులో నొప్పిని గురించి డాక్టర్లు చాలా వ్రాశారు. నొప్పితోపాటు పోయే బలాన్ని గురించి ఇళ్ళల్లో మాట్లాడుకోవడం తక్కువ. నిజానికి ఆ ఇల్లాలిని ఎక్కువ కుంగదీసేది అదే. కండరంలో జబ్బు లేదని పరీక్షలు చెబుతున్నాయి గదా, మరి బలం ఎక్కడికి పోయినట్టు?

పేరు మారిన జబ్బు

1904లో లండనులో సర్ విలియం గోవర్స్ అనే ప్రసిద్ధ నరాల వైద్యుడు నడుము నొప్పిని గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాడు. కండరాలను అంటిపెట్టుకుని వుండే పీచువంటి పదార్థం వాచడం వల్ల ఇటువంటి నొప్పులు వస్తాయని ఊహించి, దానికి ‘ఫైబ్రోసైటిస్’ అని పేరు పెట్టాడు. వైద్యుల పరిభాషలో పేరు చివర ‘ఐటిస్’ అని వుంటే అక్కడ వాపు వున్నదని అర్థం. ఆ పేరు డెబ్భయి ఏళ్ళ పాటు చెలామణీ అయింది. తమాషా ఏమిటంటే, ఎంత వెతికినా ఆ వాపు మాత్రం నిలకడగా ఎవరికీ దొరకలేదు. లేని వాపుకు పేరెందుకని 1976లో హెంచ్ అనే వైద్యుడు ‘ఫైబ్రోమయాల్జియా’ అన్నాడు. పీచులోనూ కండరంలోనూ నొప్పి అని మాత్రమే దీని అర్థం. కారణం తెలిసినట్టు ఈ పేరు బుకాయించదు. అంతవరకు మెరుగే.

1990లో అమెరికాలోని కీళ్ళ వైద్యుల కళాశాలవారు దీనిని గుర్తించడానికి ఒక పద్ధతి ఏర్పాటు చేశారు. మెడ, భుజాలు, మోచేతులు, తుంట్లు, మోకాళ్ళు మొదలైన చోట్ల 18 బిందువులు నిర్ణయించారు. ఒక్కొక్క చోట సుమారు 4 కిలోల ఒత్తిడితో బొటనవేలితో నొక్కాలి. అందులో 11 చోట్ల నొప్పి వుండి, ఒంటి నిండా నొప్పులు మూడు నెలలుగా వుంటే ఆ మనిషికి ఈ జబ్బు వున్నట్టు లెక్క. 2010లో వారే ఆ నొక్కుళ్ళ అవసరం లేకుండా మరో పద్ధతి చెప్పారు. ఒంట్లోని 19 భాగాలలో ఎన్ని చోట్ల నొప్పి వున్నదీ, అలసట ఎంత, నిద్ర లేచినా బడలిక తీరని స్థితి ఎంత, మతిమరుపూ మందకొడితనమూ ఎంత అన్నవి లెక్కకట్టి నిర్ణయిస్తారు. నొప్పి ఒక్కటే జబ్బు కాదు, అలసట కూడా జబ్బులో భాగమేనని ఆ రోజున కాగితం మీదికి ఎక్కింది.

నలభై ఆరుకే డెబ్భయి ఒకటి

బలాన్ని కొలవడానికి మార్గాలు వున్నాయి. పిడికిలితో ఒక పిడిని గట్టిగా పట్టమంటే యంత్రం ముల్లు ఎన్ని కిలోలో చూపుతుంది. కుర్చీలో కూర్చోబెట్టి, కాలును ఒక పట్టీకి కట్టి, మోకాలు చాచమంటే తొడ కండరాల బలం తెలుస్తుంది. ఆరు నిమిషాలలో ఎంత దూరం నడుస్తారో కొలుస్తారు. కదలని సైకిలు తొక్కిస్తూ శరీరం ఎంత ప్రాణవాయువు వాడుకోగలదో లెక్కకడతారు.

1989లో అమెరికాలో రాబర్ట్ బెన్నెట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ ఈ జబ్బు వున్న 25 మంది స్త్రీలచేత ఇక తొక్కలేము అనేంతవరకు సైకిలు తొక్కించారు. ప్రాణవాయువు లెక్కలు చూస్తే వారిలో నూటికి ఎనభై మందికి పైగా శరీర దారుఢ్యం వుండవలసినంత లేదని తేలింది. 2006లో అమెరికా పరిశోధకులే ఇంకొక పోలిక తీశారు. ఈ జబ్బు వున్న స్త్రీలు ఒక వైపు; వారి సగటు వయసు 46. ఆరోగ్యంగా వున్న వృద్ధ స్త్రీలు ఇంకొక వైపు. వారి సగటు వయసు 71. సరుకుల సంచి మోయడం, మెట్లు ఎక్కడం, నేల మీది నుంచి వస్తువు తీయడం వంటి ఇంటి పనులు చేయించి, కాళ్ళ బలం కొలిచారు. రెండు జట్లూ ఇంచుమించు సమానంగా వచ్చాయి. పాతికేళ్ళు పెద్దవారైన స్త్రీల కాళ్ళలో ఎంత బలం వున్నదో వీరి కాళ్ళలోనూ అంతే వున్నది.

"నా ఈడువాళ్ళు పరుగెత్తుతున్నారు, నేను మా అమ్మమ్మలా నడుస్తున్నాను" అని ఏ ఇల్లాలైనా అంటే అది అతిశయోక్తి కాదన్నమాట.

దొంగ వేషమా?

ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న పుట్టింది. కండరం పాడైతే బలం తగ్గడం సహజమే. కాని ఈ రోగుల కండరాలలో శక్తి పుట్టే తీరును 1994లో అమెరికాలో ప్రత్యేకమైన అయస్కాంత పరికరాలతో పరీక్షించి, వ్యాయామం అలవాటు లేని మామూలు మనుషుల కండరాలతో పోల్చి చూశారు. తేడా కనపడలేదు. అంతకుముందే, 1991లో, డెన్మార్కు వైద్యులు మరొక ఉపాయం పన్నారు. రోగిని తనకు చేతనైనంత బలంగా కాలు చాచమని, ఆ సమయంలో తొడ కండరానికి చిన్న విద్యుత్తు తాకిడి ఇచ్చారు. మనిషి నిజంగా తన బలమంతా పెట్టివుంటే ఆ తాకిడికి కండరం అదనంగా కదలదు. చాలామంది రోగులలో కదిలింది. కండరంలో ఇంకా బలం మిగిలివున్నది. అది బయటికి రావడం లేదు.

ఇది విన్న తొందరపాటు మనిషి "చూశారా, నేను చెప్పలేదూ? కావాలని చెయ్యడం లేదు!" అంటాడు. ఆగండి. అసలు కథ ఇంకా ముందున్నది.

2002లో అమెరికాలో గ్రేస్లీ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ రోగుల బొటనవేలి గోరు మీద కొలిచిన ఒత్తిడి వేస్తూ, ఆ క్షణంలో మెదడులో ఏ భాగాలు మేలుకుంటున్నాయో యంత్రంతో చిత్రాలు తీశారు. ఆరోగ్యవంతులకు ఎంత ఒత్తిడి వేస్తే ఎంత నొప్పి కలిగిందో, అందులో సగం కంటె కొంచెం ఎక్కువ ఒత్తిడితోనే రోగులకు అంత నొప్పీ కలిగింది. మెదడు చిత్రాలు కూడా అలాగే వచ్చాయి. అబద్ధమాడే నోరు వుండవచ్చు గాని, మేలుకోని మెదడు భాగాన్ని మేలుకున్నట్టు చూపించగల నటన ఎవరికీ చేతకాదు గదా.

దీనిని రేడియోతో పోల్చి చెప్పవచ్చు. స్టేషను నుంచి వచ్చే పాట అందరి ఇళ్ళకూ ఒకటే. కాని ఒక ఇంట్లో రేడియోకు ధ్వని పెంచే మీట చివరికంటా తిరిగి అక్కడే బిగుసుకుపోయింది. మెల్లని పాటకూ చెవులు గింగురుమంటాయి. ఈ జబ్బులో కండరం పంపే వార్త మామూలుదే; ఆ వార్తను అందుకునే వెన్నుపాములోనూ మెదడులోనూ మీట పైకి తిరిగివున్నది. ఇంటి పని తెచ్చే మామూలు బడలిక కూడా అక్కడికి చేరేసరికి నొప్పి అవుతుంది. అంత గోల వినపడుతూ వుంటే, ఇక చాలు ఆగమని మెదడు కండరానికి కళ్ళెం వేస్తుంది. ఆ కళ్ళెం మనిషి ఇష్టపడి వేసుకున్నది కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆరోగ్యవంతుడు ఒక కండరాన్ని బిగించి పట్టుకుంటే, ఆ కాసేపు నొప్పి ఓర్చుకునే శక్తి అతనికి పెరుగుతుంది. ఇది ప్రకృతి ఇచ్చిన మందు. 1996లో స్వీడను వైద్యులు పరీక్షిస్తే ఫైబ్రోమయాల్జియా రోగులలో ఇది తలకిందులై కనిపించింది. బిగించినకొద్దీ ఓర్పు తగ్గింది. "కాస్త పని చేస్తే అదే సర్దుకుంటుంది" అని మనం ధైర్యం చెప్పే మాట వారి విషయంలో ఆ పూటకు ఎందుకు నిజం కాదో దీనివల్ల తెలుస్తుంది.

2021లో మరొక ఆశ్చర్యకరమైన సంగతి బయటపడింది. ఇంగ్లండు, స్వీడను పరిశోధకులు ఈ రోగుల రక్తంలోని రక్షక పదార్థాలను తీసి ఎలుకలకు ఎక్కించారు. ఆ ఎలుకలు ఒత్తిడికీ చలికీ ఎక్కువగా బాధపడటమే గాక, వాటి పట్టు బలం కూడా తగ్గింది. ఆరోగ్యవంతుల రక్తం నుంచి తీసినది ఎక్కించిన ఎలుకలకు ఏమీ కాలేదు. ఆ పదార్థం ఒంట్లోంచి పోయిన తరువాత జబ్బుపడిన ఎలుకలూ కోలుకున్నాయి. రోగులందరిలోనూ కారణం ఇదేనని తేలలేదు గాని, ఎలుకకు అత్తగారి మీద కోపం వుండదు, పని ఎగ్గొట్టాలని వుండదు. కనుక "అంతా మనసులోనే" అనేవారు ఈ ఎలుకలను ఒకసారి తలచుకోవడం మంచిది.

విశ్రాంతి అనే తీపి విషం

నొప్పి వున్న మనిషి ఏం చేస్తుంది? పని తగ్గిస్తుంది. ఇంట్లోవారు మంచివారైతే అసలే చెయ్యనివ్వరు. పని తగ్గిన కండరం సన్నబడుతుంది. సన్నబడిన కండరానికి నిన్నటి తేలిక పని ఇవాళ బరువు పని అవుతుంది. బరువు పని చేస్తే నొప్పి హెచ్చుతుంది. హెచ్చిన నొప్పికి ఇంకా విశ్రాంతి. గానుగెద్దులాగా ఈ చుట్టు తిరుగుతూనే వుంటుంది. కొన్నేళ్ళకు జబ్బు తీసుకుపోయిన బలమెంతో, విశ్రాంతి తీసుకుపోయిన బలమెంతో వేరుచేసి చెప్పడం డాక్టరుకు కూడా కష్టమవుతుంది.

దీనికి తోడు మరో అలవాటు వున్నది. పది రోజులు మంచాన వున్న మనిషికి ఒక రోజు తేలికగా వుంటుంది. ఆ రోజున, పండుగ దగ్గరపడింది గదా అని, ఇల్లంతా బూజులు దులిపి, అటకల మీది సామాను దింపి, దుప్పట్లు ఉతికి, అరిసెల పాకం కూడా పట్టేస్తుంది. "ఇన్నాళ్ళూ చెయ్యలేదు, ఇవాళైనా చేస్తాను" అన్న పౌరుషం. మర్నాటి నుంచి వారం రోజులు మళ్ళీ మంచం. చూసేవాళ్ళకు అనుమానం బలపడుతుంది: "నిన్న అంతా చేసిందిగా, ఇవాళ ఏమొచ్చింది?" ఆవిడకు భయం బలపడుతుంది: "పని చేస్తే ఇంతే." రెండూ తప్పుడు లెక్కలే. తప్పు పనిలో లేదు, మోతాదులో వున్నది.

పోయిన బలం తిరిగి వస్తుందా?

ఇందాక మనం వేసుకున్న ప్రశ్నకు కండరాలు పాడుకాలేదన్న జవాబు వచ్చింది గదా. అందులోనే ఒక శుభవార్త కూడా వున్నది. పాడుకాని కండరాన్ని పెంచవచ్చు.

ఈ ఆలోచనకు అంకురం కెనడాలోని టొరాంటో నగరంలో పడింది. 1975లో మోల్డోఫ్‌స్కీ అనే వైద్యుడు ఆరోగ్యంగా వున్న విద్యార్థులను నిద్రపోనిచ్చి, గాఢనిద్ర పట్టినప్పుడల్లా చప్పుడు చేసి దానిని చెడగొట్టించాడు. కొద్ది రాత్రులలోనే వారికి ఒళ్ళు నొప్పులూ, నొక్కితే బాధా మొదలైనాయి. ఆ వరుస పరిశీలనలలో దూరపు పరుగులు అలవాటున్న కొద్దిమందికి మాత్రం ఆ బాధ అంతగా కలగలేదు. శరీర దారుఢ్యం ఈ నొప్పులకు అడ్డుకట్ట వేస్తుందేమోనన్న అనుమానం కలిగింది.

అదే దేశంలో 1988లో గ్లెన్ మెక్‌కెయిన్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ 42 మంది రోగులను చీట్లు వేసినట్టుగా రెండు జట్లు చేసి 20 వారాలు వ్యాయామం చేయించారు. ఒక జట్టుకు గుండెకూ ఊపిరితిత్తులకూ పని కల్పించే వ్యాయామం. ఇంకొక జట్టుకు ఒళ్ళు సాగదీయడం మాత్రమే. మొదటి జట్టువారికి దారుఢ్యం పెరిగింది. నొక్కినప్పుడు నొప్పిని తట్టుకునే శక్తి కూడా పెరిగింది. "కదిలితే జబ్బు ముదురుతుంది" అన్న పాత భయానికి అది గట్టి దెబ్బ.

ఇంకా తేటగా చెప్పినవారు ఫిన్లండు పరిశోధకులు. 2001లో వారు ఈ జబ్బు వున్న 11 మంది స్త్రీలకూ, ఆరోగ్యంగా వున్న 12 మంది స్త్రీలకూ 21 వారాలపాటు బరువులతో ఒకే రకమైన సాధన చేయించారు. అందరూ ఎదురుచూసింది రోగులు వెనకబడతారని. వెనకబడలేదు. ఆరోగ్యవంతులకు బలం ఎంత పెరిగిందో వీరికీ ఇంచుమించు అంతే పెరిగింది. అలసటా, దిగులూ, మెడ నొప్పీ కూడా తగ్గాయి. మెదడు వేసిన కళ్ళెం ఒకేసారి తెగిపోయేది కాదు గాని, సాధనతో కొద్దికొద్దిగా వదులవుతుందన్నమాట.

తరువాత 2015లో స్వీడనులో 130 మంది స్త్రీలను రెండు జట్లు చేశారు. ఒక జట్టువారు 15 వారాలపాటు వారానికి రెండుసార్లు బరువుల సాధన చేశారు. మొదలుపెట్టింది తాము ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో నూటికి నలభై వంతుతో; మెల్లగా ఎనభై వంతు దాకా పెంచారు. ఎంత పెంచాలో ఎవరికి వారే శిక్షకురాలితో మాట్లాడి నిర్ణయించుకున్నారు. రెండవ జట్టువారు ఒంటిని సడలించి విశ్రమించే పద్ధతులు నేర్చుకున్నారు. బలం పెరిగినదీ, నొప్పి ఎక్కువ తగ్గినదీ బరువులెత్తిన జట్టుకే. 2018లో అమెరికాలో 226 మందితో చేసిన పరిశీలనలో చైనావారి తాయ్ చీ అనే నిదానపు సాధన కూడా మామూలు వ్యాయామానికి తీసిపోలేదని, కొన్ని విషయాలలో మెరుగనీ తేలింది.

ఇవన్నీ సమీక్షించి 2017లో ఐరోపా కీళ్ళవైద్యుల సంఘంవారు సలహాలు ప్రకటించారు. ఈ జబ్బుకు వున్న మందులూ మాకులూ, చికిత్సలూ ఒక్కొక్కటే తూచి చూశారు. గట్టిగా సిఫారసు చేయదగినదని వారు తేల్చినది ఒక్క వ్యాయామాన్నే. మందులు లేకపోలేదు. అమెరికా ప్రభుత్వం 2007, 2009 సంవత్సరాల మధ్య మూడు మందులను ఈ జబ్బుకు అనుమతించింది. అవి కొందరికి నొప్పి తగ్గించి, లేచి కదలడానికి వీలు కల్పిస్తాయి. కాని ఏ మాత్రా కండరానికి బలం పోయదు. అది కదలిక చేయవలసిన పనే.

ఎలా మొదలుపెట్టాలి?

ముందుగా డాక్టరును చూడాలి. ఒళ్ళు నొప్పులన్నీ ఫైబ్రోమయాల్జియా కాదు. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా, డి విటమిన్ చాలకపోయినా ఇటువంటి నొప్పులూ నీరసమూ వస్తాయి. మన దేశంలో ఇవి బొత్తిగా అరుదు కావు. కీళ్ళు వాచి ఎర్రబడినా, జ్వరం వస్తున్నా, తూకం పడిపోతున్నా, ఒక్క చెయ్యో ఒక్క కాలో మాత్రమే పట్టు తప్పుతున్నా, నడిస్తే గుండెల్లో నొప్పి వస్తున్నా ఈ వ్యాసం పక్కన పెట్టి ఆస్పత్రికి వెళ్ళండి.

జబ్బు ఇదేనని తేలిన తరువాత, ఆరంభం నవ్వు వచ్చేంత చిన్నదిగా వుండాలి. బాగున్న రోజున ఎంత చెయ్యగలరో అది లెక్క కాదు. బాగులేని రోజున కూడా ఎంత చెయ్యగలరో అది లెక్క. అయిదు నిమిషాలు నడవగలిగితే అయిదు నిమిషాలే. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం అయిదుసార్లు. అర లీటరు నీళ్ళ సీసా ఒక్కొక్క చేతిలో పట్టుకుని మోచేయి మడిచి చాపడం అయిదారుసార్లు. గోడకు అరచేతులు ఆనించి మెల్లగా వంగి లేవడం అయిదుసార్లు. బరువు దించేటప్పుడు మరీ నిదానంగా దించవద్దు. ఎత్తడం కంటె దించడమే కండరాన్ని ఎక్కువ సలిపిస్తుంది.

వారమో రెండు వారాలో అదే మోతాదు నిలకడగా చెయ్యగలిగితే అప్పుడు ఒక్క మెట్టు ఎక్కాలి. నిమిషాలైనా పెంచాలి, బరువైనా పెంచాలి. రెండూ ఒకేసారి కాదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి; అదీ సరైన వేగం. బరువుల సాధన వారానికి రెండు రోజులు చాలు, మధ్య రెండు రోజుల ఎడం వుండాలి. మొదటి కొద్ది వారాలలో నొప్పి కొంచెం హెచ్చవచ్చు. ఒకటి రెండు రోజులలో అది పాత స్థితికి దిగితే భయపడనక్కరలేదు. దిగకపోతే మోతాదులో మూడవ వంతు తగ్గించాలి గాని పూర్తిగా మానకూడదు. మానితే పెరిగిన బలం జారిపోతుంది. అది ఆరోగ్యవంతులకైనా అంతే. ఫిజియోథెరపిస్టు దగ్గర నాలుగుసార్లు నేర్చుకుని మొదలుపెడితే ఇంకా శ్రేష్ఠం.

పొద్దున లేవగానే ఒళ్ళు కొయ్యబారి వుంటుంది గనుక ఆ వేళ సాధనకు మంచిది కాదు. వేడినీళ్ళ స్నానం అయిన తరువాత, పది పదకొండు గంటలకు చాలామందికి తేలికగా వుంటుంది. రాత్రి ఒకే వేళకు పడుకోవడం కూడా ఈ వైద్యంలో భాగమే. గాఢనిద్ర చెడితే ఏమవుతుందో టొరాంటో విద్యార్థులు మనకు చూపించారు గదా.

ఇంట్లోవారి వంతు

ఈ జబ్బులో ఇంట్లోవారు రెండు రకాల పొరపాట్లు చేస్తారు. ఒకరు నమ్మరు. మరొకరు నమ్మి, అతిగా ముద్దుచేస్తారు. "సాకులు చెబుతున్నది" అన్న మాట ఎంత అన్యాయమో ఎలుకల కథ చెప్పింది. "నువ్వు కదలకు తల్లీ, అన్నీ మేము చూసుకుంటాము" అన్న మాట ఎంత ప్రమాదమో గానుగెద్దు కథ చెప్పింది. మొదటిది మనసును గాయపరుస్తుంది, రెండవది కండరాన్ని కరిగిస్తుంది.

మరి ఏం చెయ్యాలి? పని ఆవిడ చేతిలోంచి లాగేసుకోవద్దు. పనిని ముక్కలు చెయ్యండి. బియ్యం బస్తా మగవారు దింపాలి, డబ్బాలో పోయడం ఆవిడ చెయ్యవచ్చు. బట్టలు అందరివీ ఒకే రోజున కాక రోజుకు కొన్ని ఉతకవచ్చు. వంటగదిలో ఎత్తుగా ఒక పీట వేస్తే కూరలు తరగడానికి నేల మీదికి దిగే బాధ తప్పుతుంది. అలాగని నేల మీద కూర్చుని లేవడం శాశ్వతంగా మానవద్దు, రోజుకు ఒకటి రెండుసార్లు అదే సాధన అనుకోవాలి. పండుగ పనులు వారం ముందు నుంచే పంచుకోండి. సాయంత్రం ఆవిడ నడకకు బయలుదేరితే భర్త కూడా చెప్పులు తొడుక్కోవచ్చు. దానివల్ల ఆయనకూ నష్టమేమీ లేదు. "ఇవాళ ఎలా వుంది నొప్పి?" అని పదిసార్లు అడగడం కంటె "ఇవాళ ఎన్నిసార్లు లేచి కూర్చున్నావు?" అని ఒక్కసారి అడగడం మేలు.

ఒక మాట మాత్రం దాచకూడదు. ఈ సాధనతో నొప్పి పూర్తిగా మాయమవుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. కొందరికి బాగా తగ్గుతుంది, కొందరికి కొంచెమే తగ్గుతుంది. కాని బలం సంగతి వేరు. నొప్పి వున్నా బలం పెరుగుతుందని ఫిన్లండు, స్వీడను స్త్రీలు చేసి చూపించారు. బలం పెరిగిన మనిషికి అదే బిందె, అదే మెట్లు, అదే సరుకుల సంచి తేలికవుతాయి. ఒకరి చెయ్యి కోసం చూడకుండా తన మెట్లు తాను ఎక్కగలగడం, తన పచ్చడి సీసా మూత తాను తీసుకోగలగడం చిన్న సంగతులే. అవి పోయినవారిని అడిగితే తెలుస్తుంది ఎంత పెద్దవో.